నా కొలతకు కొన్న మేజోళ్లు

కిందటేడు జూన్ నుంచి ఈ ఫిబ్రవరి దాకా మా ఇంట్లో కాళ్ల గురించి తప్ప వేరే మాట పెద్దగా లేదు. మొదట నా కాళ్లు, ఆ తరవాత మా అత్త కాళ్లు. ఇప్పుడు ఇద్దరం నడుస్తున్నాం. మనసు కాస్త కుదుటపడింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను. ఇందులో నా తప్పు ఒకటుంది. అది దాచిపెట్టి రాసేటట్టయితే రాయడమెందుకు?

ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు బడిలో నేను సైన్సు టీచర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో, పెళ్లయ్యాక తాల్‌బగీచా పేటకి వచ్చాను. మా ఆయన రమణ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త నరసమ్మ, అంతే. ఆవిడకు డెబ్బై ఒకటి. పదేళ్లుగా షుగరు మాత్రలు వేసుకుంటోంది. మూడో తరగతితో చదువు మానేసింది గాని, ప్రశ్నలు మాత్రం మానలేదు. బజారుకు తీసుకెళితే ప్రతి కొట్టు ముందూ ఆగుతుంది. ఇదేటి, దీన్నెలగ సేస్తారు, ఇది ఏ ఊరినించి వచ్చింది అని కొట్టువాళ్లను అడుగుతుంది. పావుగంట దారికి గంట పడుతుంది. ఆవిడతో బయల్దేరాలంటే మా ఆయన ముందే ఒక దణ్ణం పెట్టేవాడు.

జూన్

బడి తెరిచిన మొదటి వారంలోనే తేడా తెలిసింది. సాయంత్రం చెప్పులు విప్పితే పాదం మీద పట్టీ అచ్చు రాత్రి భోజనాల వేళ దాకా పోయేది కాదు. ముంగాలి మీద బొటనవేలితో నొక్కితే గుంట పడేది. అది పూడడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెట్టేదాన్ని. మొదట్లో పది అంకెలు, నెలాఖరుకి ముప్పై దాటింది. ఎడమ మోకాలి వెనకనుంచి ఒక నరం మెలితిరిగిన తాడులా పిక్క మీదుగా దిగింది. చీలమండ లోపలివైపు టీ మరకలాంటి రంగు, దాని మీద దురద. ఏటా ఎనిమిదో తరగతికి రక్తప్రసరణ పాఠం చెబుతాను. నీలం సుద్దతో సిరలు గీస్తాను. సొంత కాలి మీద నీలం గీత కనబడితే మటుకు, వయసొచ్చింది కదా అనుకుని చీర కుచ్చిళ్లు కిందికి లాక్కున్నాను.

ఒక పొద్దున్న స్నానం చేస్తూ ఆ దురద చోట కాస్త గట్టిగా రుద్దాను. కాసేపటికి చూస్తే తూము వైపు పోతున్న నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి భయమూ వెంటనే రాలేదు. చీలమండ దగ్గరనుంచి సన్నగా, దారంలా రక్తం ఎగజిమ్మి గోడకు తగులుతోంది. ఎంత ఒత్తిడి ఉంటే అంత దూరం చిమ్ముతుంది అని ఆలోచిస్తూ అలాగే నిలబడి చూశాను. కళ్ల ముందు చుక్కలు కనబడ్డాకే "అత్తా" అని పిలిచాను.

అత్త తలుపు తోసుకుని వచ్చింది. ఒక్క చూపు చూసింది.

"ఒలే, నిలబడకు. పడుకో. ముందు పడుకో."

తడి నేల మీదే నన్ను పడుకోబెట్టి, బకెట్టు బోర్లించి దాని మీద నా మడమ పెట్టింది. తన చీర చెంగు మడతపెట్టి ఆ చోట నొక్కి పట్టుకుంది.

"కాలు పైకుంటే ఆగుద్ది. నీళ్లు మేడెక్కాలంటే మోటరుండాల కదా. దీనికి మోటరేటున్నాది?" అంది.

పది నిమిషాల్లో ఆగింది. ఆ పది నిమిషాలూ ఆవిడ చెయ్యి తియ్యలేదు, నా మొహం వంక కూడా చూడలేదు, ఆ గుడ్డనే చూస్తూ కూర్చుంది. తరవాత తెలిసింది, అలాంటప్పుడు చెయ్యవలసిన సరైన పని అదేనని. నిలబడి చూడడం మాత్రం ఎవరూ చెయ్యకూడని పని.

జూలై

ఆస్పత్రి బెంచీ మీద మూడు పొద్దుటిపూటలు గడిచాయి. ఆ వరండాలో ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోరు, కాళ్లు చూసుకుంటారు. మిఠాయి కొట్లో కడాయి ముందు ముప్పై ఏళ్లు నిలబడిన ఒక బెంగాలీ పెద్దాయన, ఒక మంగలి, ఇస్త్రీ చేసే ఒక ఆవిడ. అందరివీ నిలబడి చేసే పనులే. మిఠాయి దాదా పాదాల దాకా కట్టు కట్టుకుని ఉన్నాడు. నేను కాలు వేలాడేసి కూర్చోవడం చూసి, తన సంచీ ఖాళీ చేసి, అందులోని టిఫిను డబ్బా, గొడుగు ఒళ్లో పెట్టుకుని, ఆ సంచీ మడిచి ఎదుటి స్టూలు మీద వేశాడు. కాలు దాని మీద పెట్టుకోమని చేత్తో చూపించాడు. ఆయన్ని పిలిచేదాకా గొడుగు అలా ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

స్కానింగుకి నన్ను నిలబెట్టారు. కాలికి చల్లటి జెల్లీ రాసి, పిక్కను ఒక్కసారి పిండి వదిలారు. తెర నావైపు తిప్పుతారా అని అడిగితే స్కానింగు చేసే అమ్మాయి నవ్వుతూ తిప్పింది. పిండినప్పుడు ఒక రంగు పైకి పరిగెత్తింది. వదలగానే అదే దారిలో ఇంకో రంగు కిందికి జారింది. పైకెళ్లిన రక్తం వెనక్కి జారకుండా సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. నా ఎడమకాల్లో ఆ తలుపులు మూసుకోవడం మానేశాయి. నేను పిల్లలకు చెప్పే పాఠంలో ఈ తలుపులు ఒకటిన్నర వాక్యం. తెర మీద చూస్తుంటే అవి లేకపోతే మనిషి నిలబడలేడనిపించింది.

డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. ముందు కొన్ని నెలలు బిగుతు మేజోళ్లు వేసుకోమన్నాడు, తరవాత లేజరు సంగతి చూద్దామన్నాడు. చీటీ రాసేముందు మాత్రం నా పాదం మీద వేళ్లు పెట్టి నాడి చూశాడు. బీపీ చూసే పట్టీని చేతికి కట్టినట్టే చీలమండకు కట్టాడు. పెన్నులాంటి పరికరం ఒకటి పాదం మీద ఆనిస్తే, దాన్లోంచి నా రక్తం చప్పుడు వినబడింది, ఝుయ్ ఝుయ్‌మని.

"కాలికి బీపీ ఎందుకండీ?" అన్నాను.

"కిందికి రక్తం సరిగ్గా దిగుతోందో లేదో చూడకుండా ఎవరి కాలూ బిగించకూడదు. మీకు బాగానే ఉంది, వేసుకోవచ్చు. అందరికీ ఇవి పనికిరావు."

నాకది చాలా నచ్చింది. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో రాసుకున్నాను. మర్నాడు తరగతిలో కూడా చెప్పాను.

మొదటి జత మా ఆయన తెచ్చాడు. డ్యూటీనుంచి వస్తూ మందుల కొట్లో ఆగి, "మా ఆవిడ కాస్త లావు" అని చెప్పి, వాళ్లిచ్చింది పట్టుకొచ్చాడు. మధ్యాహ్నానికల్లా అవి జారి చీలమండ దగ్గర చుట్టలు చుట్టుకుపోయాయి. ఆ చుట్ట కింద ఎర్రటి గాడి పడింది.

"బిగుతుగానే ఉన్నాయి కదా, మరేటి?" అన్నాడు.

"బిగుతుంటే సరిపోదండీ. ఎక్కడ బిగుతుండాలో అక్కడుండాలి."

"మేజోళ్లకి కూడా కొలతల డ్రాయింగు కావాలేటి" అని గొణిగాడు గాని, ఆ సాయంత్రమే నన్ను స్కూటరు మీద గోల్‌బజార్ తీసుకెళ్లాడు.

అక్కడ సర్జికల్ సామాన్ల కొట్టు ఒకటి శిఖా దీదీ నడుపుతుంది. యాభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు గొలుసుకి వేలాడుతుంటాయి. డాక్టరు చీటీ చూసింది, నా కాలు చూసింది, టేపు మాత్రం తియ్యలేదు.

"ఎఖొన్ నొయ్. కాల్ సొకాలే ఆషున్" అంది. ఇప్పుడు కాదట, రేపు పొద్దున్నే రావాలట. ఎందుకని అడిగితే హిందీలో చెప్పింది: "సాయంత్రం కొలిస్తే నేను మీ వాపుని కొలుస్తాను. నాకు మీ కాలు కావాలి."

బేరం పోతుందని కూడా చూడకుండా వెనక్కి పంపిన కొట్టుమనిషిని నేనప్పుడే చూశాను. మర్నాడు బడికి ఆలస్యం కాకూడదని నా కోసం గంట ముందే షట్టరు ఎత్తింది. చీలమండ మీద అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట ఒక కొలత, పిక్క లావుగా ఉన్నచోట ఒకటి, నేలనుంచి మోకాలి కిందకి ఒకటి. రెండు కాళ్లూ విడివిడిగా. మోకాలి దాకా ఉండేవి చాలంది. వేళ్ల దగ్గర మూసి ఉన్నవి కొన్ని, తెరిచి ఉన్నవి కొన్ని. ఈ ఊరి ఉక్కకి తెరిచినవే మేలని ఇచ్చింది. "వేళ్లు కనబడితే వాటి రంగు కనబడుతుంది. రోజూ చూసుకోండి" అంది. డబ్బా మీద రాసిన అంకెలు పాదరసం మిల్లీమీటర్లలో ఉన్నాయి. పాదరసపు గొట్టంతో గాలి ఒత్తిడిని కొలవడం ఏటా చెబుతాను గదా, ఆ పాదరసం ఇప్పుడు నా పిక్క మీదికి వచ్చిందని నవ్వొచ్చింది.

ఆగస్టు

తొడుక్కోవడం ఒక విద్య. మంచం దిగకముందే, కాలు ఇంకా సన్నగా ఉండగానే వేసుకోవాలి. మొదటి రోజు ఇరవై నిమిషాలు పట్టింది, ఒళ్లంతా చెమట. లాగేకొద్దీ ముడతలు పడేది, గోరు తగిలితే పోగు లేచేది. శిఖా దీదీ చెప్పిన కిటుకు రబ్బరు గ్లవ్స్. చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, మేజోడును మడమ దాకా లోపలివైపుకి తిప్పి, ముందు పాదం, తరవాత మడమ సరిగ్గా దాని గూట్లో కూర్చోబెట్టి, అప్పుడు అరచేతులతో పైకి సవరిస్తూ పోవాలి. లాగకూడదు. పై అంచు ఎంత మాత్రం మడవకూడదు. వారం తిరిగేసరికి నాలుగు నిమిషాల పని అయింది.

అత్త రోజూ ఆ వేళకి కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో స్టూలు వేసుకునేది.

"ఒలే, కింద అంత బిగువుగ, పైన వదులుగ ఏల నేసినారు?"

"రక్తం పైకి పోవాలి కదత్తా. టూత్‌పేస్టు కిందనుంచి నొక్కితే పైకొస్తాది, మజ్జిన నొక్కితే రెండేపులకీ పోతాది. అలగే ఇదీని."

"ఓహో." కాసేపు ఆలోచించి, "మరి నిద్దరోయినప్పుడు ఇప్పేత్తావెందుకు?"

"అప్పుడు కాలు గుండెతో సమానంగా పడుకుంటాది. ఎక్కక్కర్లేదు."

ఆవిడకి చెప్పడం నాకు సరదాగా ఉండేది. తరగతిలో ఎవరూ అంత శ్రద్ధగా వినరు. నా కాళ్లు కూడా తేలికపడ్డాయి. సాయంత్రం ఆరో పీరియడులో కూడా బల్లకి ఆనుకోకుండా నిలబడగలిగేదాన్ని. ఇంటికొచ్చి మేజోళ్లు విప్పి, చీలమండ ఎముక మళ్లీ కనబడుతుంటే తడిమి చూసుకునేదాన్ని. రెండు జతలు కొనుక్కున్నాను. ఒకటి కాళ్లకి, ఒకటి పెరట్లో నీడన తీగ మీద.

ఆ నెలలోనే ఒక పొద్దున్న అత్త అడిగింది.

"మరి నా కాళ్లు కూడా బరువెక్కతన్నాయి గదా. నానూ ఏసుకోవచ్చా?"

బస్సుకి పరిగెత్తే హడావుడి కాదు, ఏమీ కాదు. ఐదు నిమిషాలు టైముంది. అయినా కుచ్చిళ్లు సర్దుకుంటూ, "డాక్టరుగార్ని అడుగుదాంలే అత్తా" అన్నాను. అంతే. అందరికీ ఇవి పనికిరావన్న మాట నా నోటుపుస్తకంలో ఉంది. ముప్పై ఐదు మంది పిల్లలకు చెప్పాను. అడిగిన మనిషికి చెప్పలేదు.

అక్టోబర్

దుర్గాపూజ సెలవులకి ముందు శుక్రవారం. పేపర్లు దిద్ది ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. తీగ మీద ఒక మేజోడే ఉంది. గాలికి రెండోది పడిపోయిందేమోనని పెరడంతా వెతికి లోపలికొచ్చాను. అత్త తన మంచం మీద, ఆ ఉక్కలో దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"ఏటత్తా, జొరమా?"

"ఏటీ నేదు. ఎల్లి టీ పెట్టుకో."

నేను బడినుంచి వచ్చేసరికి టీ ఆవిడే పెడుతుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ పెట్టుకోమనలేదు. దుప్పటి తీశాను.

కుడికాలికి నా మేజోడు. మడమ గూడు తిరిగి చీలమండ ముందుకి వచ్చింది. ఆవిడ నాకన్నా పొట్టి కాబట్టి పొడుగు మిగిలింది. మిగిలిన దాన్ని మోకాలి కింద రెండు మడతలు వేసింది. ఆ మడతల పైన కండ ఉబ్బింది. చివర తెరిచి ఉన్నచోటునుంచి ఐదు వేళ్లూ కనబడుతున్నాయి, నేరేడు పళ్లు పిండిన నీళ్ల రంగులో. ముట్టుకుంటే కుండలా చల్లగా ఉన్నాయి.

"ఎప్పుడేసుకున్నావు?"

"నువ్వు బడికెల్లగానే. నువ్వేసుకున్నట్టే ఏసినాను, గలవుసులు కూడా తొడుక్కున్నాను. మజ్జాన్నం దాకా బాగానే ఉన్నాది. తరవాత తిమ్మిరెక్కింది. తీద్దామంటే రానేదు."

"ఫోను చెయ్యకపోయావా?"

ఆవిడ దుప్పటి మళ్లీ కాళ్ల మీదికి లాక్కుంది. గోడ వైపు చూసింది. సిగ్గుపడుతోందని అర్థమైంది.

లాగితే చర్మం లేచిపోతుందని భయపడి, గరిటె కాడ లోపలికి దూర్చి, దాని మీదుగా కత్తెరతో పైనుంచి కిందికి కత్తిరించాను. మడత పడిన చోట గాడి, ముంగాలి ఎముక మీద బొబ్బ చితికి ఉంది. బొటనవేలు నొక్కి వదిలాను. నాదైతే తెల్లబడి వెంటనే ఎర్రబడుతుంది. ఆవిడది తెల్లగానే ఉండిపోయింది. లెక్కపెట్టాను. పదకొండు దాకా లెక్కపెట్టాక రంగు రావడం మొదలైంది.

టోటో అనే బ్యాటరీ రిక్షాలో ఆస్పత్రికి పోతుంటే నా భుజం మీద చెయ్యి వేసి, "నీ మేజోడు పాడు సేసేసినాను" అంది. రిక్షా అబ్బాయిని ఇంకా తొందరగా పోనిమ్మన్నాను.

ఎమర్జెన్సీ బయట ఒక ఆవిడ మా అత్త కాలు ముట్టుకుని చూసి, జాలిపడి, తన వేడినీళ్ల సంచీ ఇవ్వబోయింది. నర్సు వచ్చి ఆపింది. స్పర్శ సరిగ్గా లేని కాలికి వేడి పెడితే కాలిపోయినా తెలియదట. దూది వదులుగా చుట్టి వదిలింది. ఆ సంచీ ఆవిడ ఏమీ నొచ్చుకోకుండా మా పక్కనే కూర్చుని, మా అత్త చెయ్యి పట్టుకుని బెంగాలీలో ఏవో ఊరి కబుర్లు చెప్పింది. అత్త కూడా అలవాటు ప్రకారం ఆవిడది ఏ ఊరో, పిల్లలెంతమందో అన్నీ అడిగింది.

మా ఆయన వర్క్‌షాపునుంచి నూనె చేతులతోనే వచ్చాడు. సంగతి విన్నాడు.

"నువ్వు సెప్పనేదా ఏసుకోకూడదని?"

"చెప్పలేదు."

వెళ్లి తల్లి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. అరిచుంటే బాగుండేదనిపించింది.

అదే కుర్ర డాక్టరు వచ్చాడు. ఆ పెన్ను పరికరం అత్త పాదం మీద ఆనించాడు. ఏమీ వినబడలేదు. కాస్త జరిపాడు, మళ్లీ జరిపాడు. చీలమండ వెనక ఎక్కడో దూరంగా, సన్నగా ఒక చప్పుడు.

"ఈవిడ ఎంత దూరం నడవగలరు?" అని అడిగాడు.

"బాగానే నడుస్తారండీ" అన్నాను.

"బాగానే ఏటి?" అంది అత్త. "మూల దాకా ఎల్తే పిక్క పట్టేత్తాది. ఆగితే ఒగ్గేత్తాది. మల్లా నాలుగడుగులేత్తే మల్లా పట్టేత్తాది. రెండేళ్లయింది."

"మరెప్పుడూ సెప్పనేదేటమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఆగతాను కదా, కొట్లు సూసుకుంటాను కదా. ఏటి సెప్పడం?"

మేం దణ్ణాలు పెట్టి నవ్వుకున్న ఆ ఆగిపోవడాలు, కొట్టు కొట్టు దగ్గరా అడిగే ప్రశ్నలు. అన్నీ ప్రశ్నల కోసం కాదు. వాటిలో సగం, కాలి నొప్పి తగ్గేదాకా నిలబడడానికి ఒక సాకు.

డాక్టరు కాగితం మీద గీసి చూపించాడు. నా కాల్లో పాడైంది రక్తం పైకెళ్లే దారి. అత్త కాల్లో పాడైంది కిందికొచ్చే దారి. షుగరు వల్ల ఆ ధమని లోపల సన్నబడిపోయింది. నాకు పైకి తోసే బిగువు కావాలి. ఆవిడకు అసలే తక్కువగా దిగుతున్న రక్తాన్ని ఆ బిగువు ఆపేసింది. సాయంత్రానికి నా కాలూ ఆవిడ కాలూ ఒకేలా బరువనిపిస్తాయి. బయటినుంచి చూస్తే తేడా తెలియదు.

జనవరి దాకా

వేళ్ల రంగు రెండో రోజుకి తిరిగొచ్చింది, చిటికెన వేలికి తప్ప. దాని కొస వారం రోజులు నల్లగా ఉంది. తీసెయ్యాలేమో, ఆగి చూద్దాం అన్నారు. ఆ వారం మా ఇంట్లో ముగ్గురం కలిసి కూర్చుని తిన్నది లేదు. ఊరంతా పూజ పందిళ్లు, డోళ్లు వాయించే ఢాకీల చప్పుళ్లు. మా ఆయన నాతో కావలసినంతే మాట్లాడేవాడు. "మందులు తెచ్చాను." "నర్సు రమ్మంది." నేను ఎవరితోనూ చెప్పుకోలేదు. బడికి సెలవులు కాబట్టి ఎవరి మొహమూ చూడక్కర్లేకపోయింది.

తరవాత అత్తను కలకత్తా పంపారు. తొడలోంచి తీగ దూర్చి, సన్నబడిన చోట బుడగ ఊదినట్టు వెడల్పు చేశారు. చిటికెన వేలు దక్కింది. ముంగాలి మీద పుండు మానడానికి మాత్రం జనవరి పట్టింది. రూపాయి బిళ్లంత పుండుకి మూడు నెలలు.

కట్టు మార్చడం మా ఆయన నేర్చుకున్నాడు. మొదట నన్ను దగ్గరికి రానివ్వలేదు. డిసెంబరులో ఒక ఆదివారం గాజుగుడ్డ కత్తిరించి ఇమ్మన్నాడు. ఇచ్చాను. కట్టు కడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"నన్ను కూడా అడిగినాది. ఆగస్టులోనే. నాకూ అలాటియ్యి తెత్తావేట్రా అని. నేను నవ్వేసి ఊరుకున్నాను."

అత్త మంచం మీదనుంచి, "ఇద్దరూ నా కాలు మీద పంచాయితీ పెట్టకండి. గట్టిగ కడతన్నావు, వదులు సెయ్యి" అంది.

ఆ మాట తరవాత ఇంట్లో గాలి ఆడింది.

ఆ ప్రమాదమే లేకపోతే ఆవిడ ధమని సంగతి తెలిసేది కాదు, ఒకందుకు మంచిదే అని చాలామంది అన్నారు. నాకు ఆ మాట ఊరటనివ్వలేదు. జూలైలో ఆ డాక్టరు ఎదుట కూర్చున్నప్పుడు షుగరున్న మా అత్త గురించి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

శిఖా దీదీకి చెబితే కౌంటరు వెనకనుంచి లేచి వచ్చింది. "నేను అడగవలసింది, ఇంట్లో ఇంకెవరికైనా కాళ్ల నొప్పులున్నాయా అని" అంది. ఆ వారమే ఇంటికొచ్చి మా అత్తను చూసి వెళ్లింది. ఇప్పుడు ఆ కొట్లో ప్రతి డబ్బా మీదా ఒక కాగితం అంటించి ఉంటుంది. కొలత ఇచ్చిన మనిషి తప్ప వేరెవరూ వేసుకోకూడదు, షుగరున్నవాళ్లు డాక్టరు కాలి నాడి చూడకుండా అసలు వేసుకోకూడదు అని. బెంగాలీ, హిందీ ఆవిడ రాసింది. తెలుగు నేను రాశాను.

ఫిబ్రవరి

అత్తకి డాక్టరు రాసిన మందుల్లో నడక కూడా ఉంది. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, పోయాక మళ్లీ నడవాలి. సాయంత్రాలు నేను మేజోళ్లతో, ఆవిడ మెత్తటి బూట్లతో బయల్దేరతాం. బూట్లు వేసుకోనని మొదట మొండికేసింది. ఎదురింటి ఆవిడ బాగున్నాయనేసరికి ఒప్పుకుంది. జనవరిలో నాలుగిళ్లు దాటితే ఆగేది. ఇప్పుడు చెరువు దాకా ఆగకుండా వస్తోంది. నా లేజరు వేసవి సెలవుల్లో పెట్టుకున్నాం. అప్పటిదాకా మేజోళ్లే. పాతవి సాగిపోతే మళ్లీ పొద్దున్నే వెళ్లి కొలతలిచ్చి కొత్తవి తెచ్చుకున్నాను.

మొన్న చెరువుగట్టు మీద కూర్చున్నప్పుడు, ఇన్నాళ్లూ అడగలేకపోయింది అడిగాను.

"అత్తా, అంత నొప్పిగా ఉండేదా ఆ రోజు? అందుకే ఏసుకున్నావా?"

"నొప్పేటి, రోజూ ఉన్నదే." కాసేపు బూట్ల వంక చూసుకుంది. "నువ్వు సాయింత్రం అయి ఇప్పి, కాలు తడుముకుని నీలో నువ్వే నవ్వుకునేదానివి. అదేటో సూద్దారని ఏసినాను."

నొప్పికి తాళలేక చేసిందని నాలుగు నెలలుగా ఊహించుకుని బాధపడుతున్నాను. ఆవిడకు తెలుసుకోవాలనిపించింది. చెప్పేవాళ్లు చెప్పకపోతే, చేసి చూసింది. పిల్లలకు నేను చెప్పేదీ అదే.

"ఈసారి ఏదైనా సూడాలనిపిస్తే ముందు నాకు సెప్పు" అన్నాను. "ఆ రోజే సెబుతాను. నాకు తెలియకపోతే తెలియదని సెబుతాను."

"సరే అయితే." చెరువు వైపు గడ్డం ఎత్తి చూపించింది. అవతలి ఒడ్డున నీళ్లలో ఒక కొంగ ఒంటికాలి మీద కదలకుండా నిలబడి ఉంది. "అది పొద్దస్తమానం అలగే నిలబడతాది. దానికి కాలు వాయదేటి?"

నాకు తెలియదు. అదే చెప్పాను.

అత్త తలూపి, కొంగ కాలు మార్చేదాకా చూద్దామంది. చీకటి పడుతున్నా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.